చాప కింద గొయ్యి: ఒక్పే రాజ్యంలో నా అయిదేళ్ళు

1980లో లెక్కల మాస్టారుగా నైజీరియాకు ప్రయాణం కట్టేనాటికి నేను ఉర్హోబో అనే జాతి పేరు ఎన్నడూ వినలేదు. అప్పటి బెండెల్ రాష్ట్రంలో ఆంబ్రోస్ ఆలీ గవర్నరుగా ఉండి ఉచిత విద్య ప్రకటించడంతో పల్లెపల్లెకూ ఉన్నత పాఠశాల వెలిసింది. గోడలు లేచినంత వేగంగా ఉపాధ్యాయులు దొరకలేదు కనుక మన దేశం నుంచి లెక్కలకూ సైన్సుకూ మాస్టర్లను పిలిపించుకున్నారు. అలా వెళ్ళినవాళ్ళలో వేటపాలెం నేత ఇంట పుట్టిన నేనొకణ్ణి. నాకు ఇచ్చిన బడి సపెలె పట్టణానికీ ఒరెరొక్పే అనే ఊరికీ మధ్య, రబ్బరు తోటల నడుమ ఉండేది. ఒకవైపు ఎథియోప్ నది, మరోవైపు వర్రి పట్టణానికి పోయే తారు రోడ్డు. వడ్రంగం తెలిసినవారికి సపెలె అంటే ఎర్రటి గట్టి కలప గుర్తుకు వస్తుంది. ఆ కలపకు పేరిచ్చిన ఊరు అదే. నదిలో తెప్పలుగా కట్టిన మొద్దులు కోత మిల్లు దాకా తేలుతూ పోవడం చూడడమే మొదటి నెలల్లో నా ఆదివారపు కాలక్షేపం.

మొదటి రోజే ఒక తప్పు చేశాను. తరగతి ముగిశాక ఒక కుర్రవాడు నా బల్ల ముందుకు వచ్చి మోకాలు వంచి "మిగ్వో" అన్నాడు. నేను నవ్వి తల ఊపాను. వాడు లేవలేదు. మళ్ళీ తల ఊపాను, అయినా వాడు వంగిన మోకాలు వంగినట్లే ఉన్నాడు. పక్క గది నుంచి చరిత్ర మాస్టారు తొంగి చూసి, "మీరు 'వ్రెండో' అనేదాకా వాడు లేవడు, పాపం వదిలెయ్యండి" అన్నారు. మోకరిల్లుతున్నాను అని చిన్నవాడు అంటే, లే అని పెద్దవాడు అనాలి. రెండో మాట పడకపోతే మొదటి మాట గాలిలో వేలాడుతుంది. ఆ రాజ్యంలో పెద్దరికం అంటే ఏమిటో తర్వాత అయిదేళ్ళలో నేను తెలుసుకున్నదంతా ఆ రెండు మాటల్లోనే ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. పెద్దవాడికి దక్కే గౌరవం ఎంత గట్టిదో, ఆ గౌరవానికి బదులు పలకవలసిన బాధ్యత కూడా అంతే గట్టిది.

చరిత్ర మాస్టారు ఒక్పే మనిషి, అక్కడి ఒక పాలక శాఖకు చెందినవారు. నాకంటే పదేళ్ళు పెద్ద. సాయంత్రాలు వారి ఇంటి ముందు చాప పరిచి కూర్చునేవాళ్ళం. చాప పరిచిన ప్రతిసారీ ఆయన ఒక మూల ఎత్తి, కింద నేల గట్టిగానే ఉందని చూపించి, "చూశారుగా, గొయ్యి లేదు, ఇక కూర్చోండి" అనేవారు. ఆ హాస్యం నాకు అర్థం కావడానికి వారాలు పట్టింది. అర్థమయ్యాక మాత్రం, చాప కింద నీరు అనే మన నానుడి విన్నప్పుడల్లా ఒళ్ళు జలదరించేది.

ఉర్హోబో జనం ఒకే రాజు కింద ఎన్నడూ లేరు. ఇరవైకి పైగా రాజ్యాలుగా ఉన్నారు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఆనవాయితీ. చాలా చోట్ల రాజును ఓవియె అంటారు. అగ్బోన్, ఒరోగున్ వంటి చోట్ల వయసులో పెద్దవాడికే పెద్దరికం అనే సంప్రదాయం బలమైనది. ఒక్పే రాజును ఒరోజె అంటారు. విస్తీర్ణంలో వాటిలో పెద్దది ఈ రాజ్యమే. మూలపురుషుడి తండ్రి ఇగ్బోజె బెనిన్ రాజవంశం వాడని, మూలపురుషుడైన ఒక్పేకు ఒర్హుఎ, ఒర్హోరో, ఎవ్రెకె, ఎసెజి అని నలుగురు కొడుకులని అక్కడ చంటిపిల్లవాడు కూడా చెబుతాడు. ఆ నలుగురి సంతతే నాలుగు పాలక శాఖలు. రాజధాని పేరు ఒరెరొక్పే, అంటే ఒక్పేవారి ఊరు. ఊరి పేరుకు అంతకంటే సూటైన పేరు నేను వినలేదు.

ఆ నాలుగో శాఖలోని ఎసెజి తొలి ఒరోజె అయ్యాడు. గొయ్యి కథ ఆయనదే. నేను ఆ కథను కనీసం అయిదుగురి నోట విన్నాను, ఏ ఇద్దరూ ఒకేలా చెప్పలేదు. అందరి కథలోనూ రాజు క్రూరుడు, పన్నులతో, వెట్టితో, అకారణ శిక్షలతో జనాన్ని వేధించినవాడు. అందరి కథలోనూ జనం ఒక రాత్రి లోతైన గొయ్యి తవ్వి, పైన చాప పరిచి, ఆసనం వేసి, సభకని రాజును పిలిచి గౌరవంగా కూర్చోబెట్టారు. రాజు గోతిలో పడ్డాక పైనుంచి మరిగే నీళ్ళు పోశారని కొందరు, మరిగే నూనె అని ఒకరు చెప్పారు. మా బడి వంటామె అయితే నీళ్ళు కాచిన కుండలు ఎన్నో, ఏ వీధి ఆడవాళ్ళు ఎన్ని మోసుకొచ్చారో కూడా లెక్క చెప్పింది. చరిత్ర మాస్టారు ఈ వివరాల మీద వాదించేవారు కాదు. ఆయనకు ముఖ్యం కథ చివరి భాగం. రాజును చంపాక జనం ఆ ఊళ్ళో ఉండలేకపోయారు. రక్తం అంటిన చోటు అని భయపడి చెల్లాచెదురై, అడవిలోకీ నది వైపుకూ పోయి కొత్త ఊళ్ళు కట్టుకున్నారు, ఒరెరొక్పే చాలాకాలం పాడుబడింది. అన్నిటికంటే మించి, తరాల తరబడి మరో రాజును నిలబెట్టలేదు.

రాజు లేని ఆ కాలంలో రాజ్యం ఎలా నడిచిందన్నదే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం. మనకు రాజు లేని కాలం అంటే అరాచకం అనే తలంపు రక్తంలో ఉంది. అక్కడ అలా జరగలేదు. ప్రతి ఊరూ వయసుల వారీగా వరుసలు తీరి ఉంటుంది. వయోవర్గాన్ని ఒటు అంటారు. పిల్లల వర్గం బాటలు ఊడవాలి, బావి దారి శుభ్రం చేయాలి. యువకుల వర్గం వంతెనలు కట్టాలి, ఊరి కాపు కాయాలి, పెద్దలు వేసిన జరిమానా వసూలు చేయాలి. ఒకప్పుడు యుద్ధానికి పోవలసినవారూ వాళ్ళే. అందరికీ పైన ఎక్పాకో, అంటే వృద్ధులు. తీర్పు వాళ్ళది, భూమి పంపకం వాళ్ళది, పితృదేవతలకు మద్యం ధార పోసే హక్కూ వాళ్ళదే. వాళ్ళ తరఫున మాట్లాడేందుకు ఒటోటా అనే వక్త ఉంటాడు. జ్ఞాపకశక్తి, సామెతల మీద పట్టు, కంఠం, ఈ మూడూ ఉన్నవాడికే ఆ పని దక్కుతుంది. ఒటోటా వృద్ధులలో వృద్ధుడు కానక్కరలేదు. వయసుకు తీర్పునిచ్చి, మాటను మాత్రం నేర్పరికి అప్పగించిన ఆ ఏర్పాటు నాకు మహా తెలివైనదిగా తోచింది.

స్త్రీలకు వేరే వరుసలున్నాయి. పెళ్ళయి ఊరికి వచ్చిన కోడళ్ళంతా ఒక వర్గం, వారిని ఎఘ్వెయా అంటారు. సంతలో తూకం మోసం, భార్యను మితిమీరి కొట్టే మగవాడు, ఊరి స్త్రీలను అవమానించిన పరాయివాడు, ఇవి వాళ్ళ విచారణలోకి వచ్చే సంగతులు. పెద్దవయసు స్త్రీలంతా కలిసి బట్టలు విడిచి నిరసనకు దిగడం ఆ సమాజంలో చివరి అస్త్రం. అది ఎవరి మీదికి దిగితే వాళ్ళకు శాపం తగులుతుందని భయం. ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకున్నాను. 1984లో పొరుగున ఉన్న ఓఘారెఫె స్త్రీలు తమ భూమి నుంచి చమురు తీసే సంస్థ ఎదుట సరిగ్గా ఆ పనే చేసి, అప్పటిదాకా మొండికేసిన వాళ్ళను దారికి తెచ్చారని విన్నాక ఆ అనుమానం తీరింది. ఆ వార్త వచ్చిన రోజు మా ఉపాధ్యాయుల గదిలో మగవాళ్ళెవరూ పెద్దగా మాట్లాడలేదు.

ఇంత చక్కగా నడిచినప్పుడు మళ్ళీ రాజెందుకు అని చరిత్ర మాస్టారిని ఒకసారి అడిగాను. ఆయన సమాధానం మూడు సాయంత్రాలు సాగింది. సారం ఇది. తెల్లవాడికి వృద్ధుల సభతో మాట్లాడడం తెలియదు, వాడికి ఒక మనిషి కావాలి. 1897లో బెనిన్ నగరాన్ని పట్టుకున్నాక ఆ ప్రాంతమంతా బ్రిటిషు ఏలుబడిలోకి వచ్చింది. దొరలు తమకు అనుకూలమైనవారికి పట్టాలిచ్చి నాయకులను చేశారు, వాళ్ళనే నేటివ్ కోర్టుల్లో కూర్చోబెట్టారు. ఆ నాయకులందరి మీదా పెద్దగా దోరె నూమా అనే ఇట్సెకిరి ప్రముఖుడు నిలిచాడు. ఇట్సెకిరిలు నదీముఖంలో ఉండే పొరుగువారు, యూరోపియన్లతో వర్తకంలో ముందు నుంచీ ఆరితేరినవారు. ఉర్హోబో ఊళ్ళ తగవులు కూడా ఆయన ముందుకే అప్పీలుకు పోవలసి వచ్చేది. 1927లో తలపన్ను పుట్టినప్పుడు ఆ జిల్లాలన్నీ భగ్గుమన్నాయి. కోర్టుల మీద, పట్టా నాయకుల మీద ఏళ్ళుగా పేరుకున్న కోపమంతా అందులో బయటపడింది. 1932లో దోరె పోయాడు. ఆ కాలంలోనే ప్రభుత్వం కూడా ఎవరి తెగకు వారి సభ అనే పద్ధతికి మళ్ళింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఇట్సెకిరి సింహాసనం కూడా ఖాళీగానే ఉండేది. వారి రాజును ఓలు అంటారు. 1848లో ఒక ఓలు చనిపోయాక, సరిగ్గా 88 ఏళ్ళు గడిచి, 1936లో రెండవ గినువా పట్టాభిషిక్తుడయ్యాడు. పొరుగింట్లో రాజు వచ్చాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే సపెలె భూమి ఎవరిదన్న వ్యాజ్యం కోర్టుకెక్కింది. రేవు, కలప డిపోలు, దొరల బంగళాలు ఉన్న నేల, కౌలు డబ్బు రాలే నేల అది. ఒకవైపు కిరీటధారి అయిన ఓలు, మరోవైపు అయోమానోర్ అనే పెద్దమనిషి ముందుండి నడిపిన ఒక్పే జనం. 1940ల తొలి సంవత్సరాల్లో తీర్పు ఒక్పేవారి పక్షాన వచ్చింది. గెలిచారు గానీ, తమ తరఫున రాజు లేకపోవడం కోర్టు మెట్లు ఎక్కిన ప్రతిసారీ వాళ్ళకు వెలితిగా తోచి ఉంటుందని నా ఊహ. 1945 జనవరి 1వ తేదీన ఒరెరొక్పేలో రెండవ ఎసెజికి పట్టాభిషేకం జరిగింది. చాప మీద నుంచి గోతిలో పడ్డ రాజు పేరునే, అదే శాఖ మనిషి, మళ్ళీ ధరించాడు. ఇది మరచిపోవడం వల్ల జరిగిందని నేను అనుకోను. బాగా గుర్తుపెట్టుకున్నవాళ్ళే అలాంటి పని చేయగలరు.

మాస్టారి తండ్రి ఆ పట్టాభిషేకం చూసినవాడు. తరాలుగా ఎవరూ చూడని తంతు ఎలా జరపాలో తెలిసినవాళ్ళు ఎవరున్నారని ఊళ్ళో చాలా గందరగోళపడ్డారట. ఒక ముసలాయనకు ఒక పాట గుర్తుంటే, మరొకాయనకు ఒక వరుస గుర్తుంది, మిగిలినది పొరుగు రాజ్యాలను చూసి అతికారు. చరిత్ర చదువుకున్న మా మాస్టారు దాన్ని చిన్నచూపు చూడలేదు. అతుకులు వేసిన చోటే బట్ట గట్టిగా ఉంటుందని ఆయన అన్నప్పుడు, నేతగాడి కొడుకునైన నేను కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

రెండవ ఎసెజి 1966 దాకా ఏలాడు. నేను వెళ్ళేనాటికి 1972లో గద్దెనెక్కిన మొదటి ఒర్హోరో ఒరోజెగా ఉన్నారు. రాజరికం నాలుగు శాఖల మధ్య తిరగాలి, గద్దెనెక్కిన వాడు తన శాఖ మూలపురుషుడి పేరు ధరిస్తాడు. కొడుకుకు తండ్రి గద్దె రాదు. శాఖలోని పెద్దలు కూడి ఒక మనిషిని ఎంచుకోవాలి, రాజ్యపు పెద్దలు ఒప్పుకోవాలి, ఆపైన ప్రభుత్వం గుర్తింపు పత్రం ఇవ్వాలి. ఆ చివరి మెట్టే పితృదేవతలకు తెలియనిది అని మాస్టారు నవ్వేవారు. ఇవన్నీ 1979 నాటి బెండెల్ రాష్ట్ర శాసనంలో అచ్చయి ఉన్నాయి.

ఒరెరొక్పే కొలువుకు నేను వెళ్ళింది మాస్టారి కుటుంబానికి ఒక రబ్బరు తోట హద్దు తగాదా వచ్చినప్పుడు. రాజసభ పేరు ఉడోగున్. కోట, బురుజులు ఊహించుకుని వెళ్ళినవాడికి రేకుల పందిరి, వరుసగా కుర్చీలు, గోడ మీద రాజుగారి ఫోటో కనిపించాయి. ఆ రోజు ఒరోజె కొలువులో లేరు, ఒకాకురో బిరుదు గల పెద్దలే విచారణ జరిపారు. ముందుగా పళ్ళెంలో కోలా గింజలు, ఒక సీసా ఒగొగొరో సారాయి, దాని పక్కన కొన్ని నైరా నోట్లు వచ్చాయి. కోలా గింజ దొర్లిపోకుండా ఊతంగా డబ్బు పెట్టాలట. ఆ మర్యాదను ఒకరు అందించి మరొకరు అందుకుని, తిరిగి ఇంకొకరికి చెప్పి, దీవెన పలికి, అందరూ "ఇసె", అంటే తథాస్తు, అనేసరికి అరగంట గడిచింది. అసలు తగాదా ఇరవై నిమిషాల్లో ముగిసింది. రెండు పక్షాలూ నేరుగా మాట్లాడుకోలేదు. ప్రతి మాటా ఒటోటా నోటి గుండానే వెళ్ళాలి, కోపంగా అన్న మాటను ఆయన ఒక సామెతలో ముంచి అవతలికి అందించేవారు. చివరికి రెండు కుటుంబాల్లోనూ వయసులో పెద్దవాడిని తోటకు పంపి, వాళ్ళిద్దరూ ఏ చెట్టు చూపిస్తే అదే హద్దు అన్నారు. అందరూ తలలు ఊపారు.

తిరుగు ప్రయాణంలో నేను గుచ్చి గుచ్చి అడిగాను. 1976 స్థానిక పాలన సంస్కరణలతో రాజులకు పరిపాలన అధికారం పోయింది, సలహా మాత్రమే మిగిలింది. 1978 భూవినియోగ శాసనంతో రాష్ట్రంలోని భూమి అంతా గవర్నరు చేతికి వెళ్ళింది. మరి చట్టంలో ఏ అధికారమూ లేని ఈ పందిరి కిందికి మీరు ఎందుకు వచ్చారు? ఆయన కాసేపు ఆలోచించి, మేజిస్ట్రేటు కోర్టులో గెలిస్తే తోట వస్తుంది గానీ పక్కింటివాడు పోతాడు అన్నారు.

ఆ కొలువులో మరొక సంగతి నా మనసు మీద ముద్ర వేసింది. పెద్దలంతా నడుముకు పొడవాటి గళ్ళ బట్ట చుట్టుకుని, పైన తెల్లని పొడుగు చొక్కా, మెడలో పగడాల దండలు, తల మీద టోపీ, చేతిలో కర్రతో కూర్చున్నారు. నా పక్కన కూర్చున్న ముసలాయన గళ్ళ బట్ట మడత నా మోకాలికి తగిలినప్పుడు, ఆ గంజి వాసనకు నేను ఉలిక్కిపడ్డాను. అది మా వీధి వాసన. చీరాల, వేటపాలెం మగ్గాల మీద నేసిన మద్రాసు రుమాళ్ళు పడమటి ఆఫ్రికాకు ఎగుమతి అవుతాయని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. మా నాన్న జీవితమంతా ఆ గళ్ళే నేశాడు, వాటిని కట్టుకునేది ఎవరో ఆయనకు తెలియదు. జార్జి అని అక్కడ పిలిచే ఖరీదైన బట్టలు కూడా మద్రాసు సెయింట్ జార్జి కోట పేరు మోసుకుని పోయినవే. ఆ రోజు రాసిన ఉత్తరంలో రాజ్యం గురించి ఏమీ రాయలేదు, బట్ట గురించే నాలుగు పేజీలు రాశాను. గళ్ళు ఎర్రవా నీలివా అని నాన్న తిరుగు టపాలో అడిగాడు.

రాజరికంలో అంతా బంగారమే అని చెప్పను. చమురు డబ్బు పారిన రోజులవి. కాంట్రాక్టర్లు బిరుదుల కోసం పెద్దల చుట్టూ తిరిగేవారు, ఎవరో ఒకరికి బిరుదు ప్రదానం జరగని నెల అరుదు. పూర్వం జుట్టు నెరిస్తే వచ్చే పెద్దరికం ఇప్పుడు మెర్సిడెస్ కారు వేగంతో వస్తోందని మాస్టారు చిరాకుపడేవారు. ఒక్పేవాళ్ళు ఉర్హోబోలు అవునా కాదా అన్న వాదం మరొకటి. భాష దగ్గరిదే అయినా వేరుగా లెక్కించదగినది. మేము ప్రత్యేక జాతి అని ఒక్పేవాళ్ళలో కొందరు, 1931లో మొదలైన ఉర్హోబో సంఘం మా అందరిదీ అని మరికొందరు. ఉపాధ్యాయుల గదిలో ఈ మాట లేస్తే గంట కొట్టినా ఎవరూ తరగతికి వెళ్ళేవారు కాదు.

1983 డిసెంబరు 31న సైన్యం మళ్ళీ అధికారం చేజిక్కించుకుంది. మరుసటి ఏడు నైరా నోట్ల రంగులు మారాయి, జీతాలు నెలల తరబడి రాలేదు, ఇంటికి డబ్బు పంపడం అసాధ్యమైంది. మా పిల్లల్లో కొందరి తల్లులు యామ్ దుంపలు, పామాయిలు తెచ్చి గుమ్మంలో పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. 1985లో తిరిగి వచ్చేశాను. వీడ్కోలు నాడు మాస్టారు ఇంటి ముందు చాప పరిచి, ఈసారి మూల ఎత్తకుండానే కూర్చోమన్నారు. నేనే ఎత్తి చూశాను.

తర్వాత ఉత్తరాలు పలచబడ్డాయి. మాస్టారు పోయిన కబురు ఏడాది ఆలస్యంగా తెలిసింది. బెండెల్ రాష్ట్రం 1991లో చీలి, ఆ ప్రాంతం డెల్టా రాష్ట్రమైందని పత్రికలో చదివాను. 2006లో ఒక సాయంత్రం, నా దగ్గర త్రికోణమితి నేర్చుకున్న ఒకతను ఫోను చేశాడు. 2004లో ఒర్హోరో పోయారని, ఇప్పుడు సైన్యంలో మేజర్ జనరల్‌గా పనిచేసి వచ్చిన ఒకరు ఒరోజె అయ్యారని, ఊరంతా పండగగా ఉందని చెప్పాడు. ఏ పేరు పెట్టుకున్నారని అడిగాను. ఒర్హుఎ అన్నాడు. నేను వేళ్ళు మడిచాను: ఎసెజి, ఒర్హోరో, ఒర్హుఎ. అయితే ఇంకా ఎవ్రెకె శాఖకు వంతు రాలేదన్నమాట అన్నాను. అవతల అతను గట్టిగా నవ్వి, "మీరు లెక్కల మాస్టారు గనుక ఇప్పుడు లెక్కపెట్టారు సార్, ఆ ఇంటివాళ్ళు 1945 నుంచీ లెక్కపెడుతూనే ఉన్నారు" అన్నాడు.